పొద్దున్నే 41 సెకన్లు: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి ఎందుకింత ఆలస్యం?

#1 గోదారి_కోడర్
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను. రాసింది నేను కాదు. 2014లో ఎవరో రాశారు, రెండేళ్ల కిందట నా నెత్తిన పడింది. సీ షార్ప్ భాష, స్క్రీన్లకి విన్‌ఫార్మ్స్ (విండోస్‌లో ఫారాలు, బటన్లు కట్టే మైక్రోసాఫ్ట్ పాత పద్ధతి). డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8కి నేనే తెచ్చాను. వెనకాల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్.

ఒకే పెద్ద మెయిన్ ఫారం, దాని మీద 14 ట్యాబ్‌లు. బిల్లు, స్టాకు, కొనుగోళ్లు, రిటర్న్స్, ఎక్స్‌పైరీ, జీఎస్టీ, పార్టీ లెడ్జర్, సెట్టింగ్స్, ఇలా. ఒక్కో ట్యాబ్‌లో గ్రిడ్లు, కాంబో బాక్సులు, బటన్లు కిక్కిరిసి ఉంటాయి.

సమస్య ఏంటంటే, పొద్దున షాపు తెరవగానే ఐకాన్ మీద నొక్కితే బిల్లు స్క్రీన్ రావడానికి 40 సెకన్ల పైనే పడుతోంది. నా మెషీన్‌లో 6 సెకన్లే. ఓనరు గారు రోజూ ఫోన్ చేసి "నేను టీ తాగొచ్చినా మీది లేవలేదండీ" అంటున్నారు. అక్కడి కంప్యూటర్లు పాతవి, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

#2 బైట్_బాబాయ్
సోమవారం, రాత్రి 9:52

ఎస్‌ఎస్‌డీ వేయించండి. థ్రెడ్ క్లోజ్.

#3 గోదారి_కోడర్
సోమవారం, రాత్రి 9:58

అడిగాను బాబాయ్. "మీ సాఫ్ట్‌వేర్ కోసం ఆరు మెషీన్లకి డిస్కులు మార్చాలా? అదే కంప్యూటర్లో ట్యాలీ బాగానే తెరుచుకుంటోందిగా" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

#4 పాతకాపు
సోమవారం, రాత్రి 10:30

ఓనరు గారి మాటలో న్యాయం ఉంది. ఎస్‌ఎస్‌డీ వేస్తే బాగుపడుతుంది, కాదనను. కానీ ముందు ఆ 40 సెకన్లు ఎక్కడికి పోతున్నాయో తెలియాలి కదా.

రెండు ప్రశ్నలు. ఒకటి, ఒకసారి తెరిచి మూసేసి వెంటనే మళ్లీ తెరిస్తే ఎంత పడుతోంది? కంప్యూటర్ ఆన్ చేశాక మొదటిసారి తెరవడం వేరు, రెండోసారి వేరు. మొదటిసారి ఈఎక్స్‌ఈ, డీఎల్‌ఎల్‌లు అన్నీ డిస్క్ నుంచి రావాలి. తిరిగే డిస్క్‌లో తల అటూ ఇటూ జరిగి ఒక చోటు వెతికి చదవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. అలాంటి చదువులు రెండు వేలు పడ్డాయంటే 20 సెకన్లు అక్కడే పోయాయి. రెండోసారికి అవన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి కాబట్టి డిస్క్ ఊసే ఉండదు. మీరు మీ మెషీన్లో ప్రోగ్రామ్ నడపడానికి రోజుకు యాభైసార్లు ఎఫ్5 కొడతారు. మీకు మొదటిసారి అనేదే అనుభవంలోకి రాదు.

రెండోది, మీ కోడ్‌లో టైమింగ్ లాగ్ ఉందా? లేకపోతే ముందు అది పెట్టండి. స్టాప్‌వాచ్ ఒకటి, టెక్స్ట్ ఫైల్ ఒకటి చాలు. ప్రతి మెట్టు దగ్గరా ఒక లైను. పెర్ఫ్‌వ్యూ, ప్రాసెస్ మానిటర్ లాంటి పెద్ద కొలత టూల్స్ తర్వాత చూద్దాం. కస్టమర్ షాపులో కూర్చుని అవి నడపడం మీ వల్ల కాదు, వాళ్లూ ఊరుకోరు.

ఒక జాగ్రత్త. స్టాప్‌వాచ్‌ని మెయిన్ (మన కోడ్ మొదలయ్యే చోటు) మొదటి లైనులో పెడితే అంతకుముందు గడిచిన కాలం లెక్కలోకి రాదు. డాట్‌నెట్ రన్‌టైమ్ లేవడం, మొదట కావలసిన డీఎల్‌ఎల్‌లు ఎక్కడం మెయిన్‌కి ముందే. ప్రాసెస్ మొదలైన టైమ్‌ని విండోస్‌నే అడిగి, అక్కడి నుంచి లెక్కపెట్టండి.

#5 బైట్_బాబాయ్
సోమవారం, రాత్రి 10:41

ఇంత తతంగం ఎందుకు సార్? మంచి స్ప్లాష్ స్క్రీన్ పెట్టి మీద గిర్రున తిరిగే బొమ్మ పెడితే సగం మంది అరవడం మానేస్తారు.

#6 లావణ్య_ఎక్స్ఏఎమ్ఎల్
సోమవారం, రాత్రి 11:15

బాబాయ్ గారి మాట తీసిపారేసేది కాదు, కాకపోతే కారణం వేరు. మా ఆఫీసులో ఒక డబ్ల్యూపీఎఫ్ (విన్‌ఫార్మ్స్ తర్వాత మైక్రోసాఫ్ట్ తెచ్చిన స్క్రీన్ల పద్ధతి) అప్లికేషన్‌కి ఇదే గొడవ. స్క్రీన్ మీద ఏమీ కనబడకపోయేసరికి జనం ఏం చేస్తారు? మళ్లీ నొక్కుతారు. ఇంకోసారి నొక్కుతారు. మూడు కాపీలు ఒకేసారి లేచి, ఒకే హార్డ్ డిస్క్ కోసం కొట్టుకుంటాయి. లాగ్ చూస్తే ఒకే నిమిషంలో మూడు స్టార్ట్‌లు కనిపించాయి.

మ్యూటెక్స్ పెట్టి రెండో కాపీ రాకుండా ఆపాం. ఒక మామూలు బొమ్మని స్ప్లాష్‌గా పెట్టాం. డబ్ల్యూపీఎఫ్‌లో 2008లో వచ్చిన డాట్‌నెట్ 3.5 సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఇది చేతికందేలా ఉంది. ప్రాజెక్టులో బొమ్మ మీద బిల్డ్ యాక్షన్ మార్చితే చాలు, డబ్ల్యూపీఎఫ్ పూర్తిగా లేవక ముందే అది కనిపిస్తుంది. ఈ రెండింటికే ఫోన్లు తగ్గాయి. అసలు టైమ్ ఒక్క సెకను కూడా తగ్గలేదు సుమా!

మీ ఓనరు గారు ఎన్నిసార్లు నొక్కుతున్నారో కనుక్కోండి.

#7 గోదారి_కోడర్
బుధవారం, సాయంత్రం 6:20

లావణ్య గారూ, మీరు జ్యోతిష్యం చెబుతారా? కౌంటర్ మీద కుర్రాణ్ణి అడిగితే "మూడు నాలుగుసార్లు కొడితేనే లేస్తదన్నా" అన్నాడు. లాగ్‌లోనూ నిన్న పొద్దున 9:04కి రెండు స్టార్ట్‌లు, 9:05కి ఒకటి. మ్యూటెక్స్ నిన్ననే పెట్టేశాను.

ఇక ఈరోజు పొద్దున ఒకే కాపీ లేచినప్పటి లాగ్ ఇది. లాగిన్ దగ్గర పాస్‌వర్డ్ కొట్టే టైమ్ తీసేశాను.

మెయిన్‌కి రాకముందు: 4.1 సెకన్లు
డేటాబేస్ కనెక్షన్: 1.2
మెయిన్ ఫారం కన్‌స్ట్రక్టర్ (ఫారాన్ని కట్టే కోడ్), 14 ట్యాబ్‌లు: 29.8
"ట్యాబ్ వార్మప్": 3.1
రిపోర్ట్ ఇంజిన్ లోడ్: 2.9
మొత్తం: 41.1

అదే మెషీన్లో మధ్యాహ్నం 3 గంటలకు మూసి తెరిస్తే మొత్తం 15.9. అందులో ట్యాబ్‌లకి 10.4.

ఆ "ట్యాబ్ వార్మప్" ఏంటని మీరు అడిగేలోపే చెప్పేస్తాను. పాత డెవలపర్ ఒక ఫర్ లూప్ రాశాడు. మొదటి ట్యాబ్ నుంచి పద్నాలుగోదాకా ఒక్కొక్కటీ సెలెక్ట్ చేసి, చివర్లో మళ్లీ మొదటిదానికి తెస్తుంది. పైన కామెంట్: "తర్వాత క్లిక్ చేస్తే స్లోగా ఉంది, అందుకని ముందే". నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

#8 పాతకాపు
బుధవారం, రాత్రి 8:05

ఆయన్ని తిట్టకండి. అప్పట్లో ఎవరో "స్టాకు ట్యాబ్ నొక్కితే ఆగుతోంది" అని ఫోన్ చేసి ఉంటారు. ఆ ఫోన్ ఆపడానికి ఇది రాశాడు. ఇప్పుడు ఫోన్ పొద్దున్నే వస్తోంది, అంతే తేడా.

విన్‌ఫార్మ్స్‌లో ట్యాబ్ కంట్రోల్‌కి ఒక మంచి గుణం ఉంది. మీరు అడగకుండానే సగం బద్ధకంగా ఉంటుంది. కంట్రోల్ ఆబ్జెక్ట్‌లు కన్‌స్ట్రక్టర్‌లో తయారైపోతాయి గానీ, వాటి వెనకుండే అసలు విండో హ్యాండిళ్లు (విండోస్ ఒక్కో కంట్రోల్‌కి ఇచ్చే గుర్తింపులు) ఆ ట్యాబ్ మొదటిసారి కనబడేదాకా పుట్టవు. యూజర్ కంట్రోల్ లోడ్ ఈవెంట్ కూడా అప్పుడే వస్తుంది. ఈ లూప్ ఆ బద్ధకాన్ని తన్ని లేపింది.

ఒక పని చేయండి. టాస్క్ మేనేజర్లో డీటెయిల్స్‌లోకి వెళ్లి "యూజర్ ఆబ్జెక్ట్స్" అనే కాలమ్ ఆన్ చేసి, మీ ప్రోగ్రామ్‌కి ఎంత ఉందో చూడండి. విండోస్ ఒక ప్రాసెస్‌కి మామూలుగా ఇచ్చే హద్దు 10,000. బటన్, లేబుల్, టెక్స్ట్ బాక్స్, అన్నీ తలా ఒకటి తినేస్తాయి.

#9 గోదారి_కోడర్
బుధవారం, రాత్రి 8:31

4,612.

#10 పాతకాపు
బుధవారం, రాత్రి 8:34

బిల్లు కొట్టే కుర్రాడు పొద్దున్నుంచి రాత్రిదాకా ఎన్ని ట్యాబ్‌లు తెరుస్తాడు?

#11 గోదారి_కోడర్
బుధవారం, రాత్రి 8:40

బిల్లు. అప్పుడప్పుడు స్టాకు. రిటర్న్స్ వారానికి రెండుసార్లు. జీఎస్టీ నెలకోసారి, అదీ కుర్రాడు కాదు, అకౌంటెంట్ గారు.

#12 బైట్_బాబాయ్
బుధవారం, రాత్రి 8:44

అంటే ఇద్దరు తినే ఇంట్లో రోజూ పొద్దున్నే పెళ్లి వంట చేస్తున్నారన్నమాట.

ఇదంతా ఎందుకు, వెబ్‌లో కొత్తగా రాసేయండి. లేదా ఎలక్ట్రాన్ (వెబ్ పేజీలతోనే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ కట్టే పద్ధతి).

#13 లావణ్య_ఎక్స్ఏఎమ్ఎల్
బుధవారం, రాత్రి 9:10

4 జీబీ ర్యామ్ మెషీన్లో ఎలక్ట్రాన్ అంటే బిల్లింగ్‌కి ఒక క్రోమియం బ్రౌజర్ కూడా తోడు పెట్టినట్టే బాబాయ్. పైగా 14 స్క్రీన్లు కొత్తగా రాసి, ఎక్స్‌పైరీ రిటర్న్ లెక్కలు మళ్లీ టెస్ట్ చేసి... ఒక్కరే చేయాల్సిన పని కాదది.

గోదారి గారూ, ట్యాబ్‌లని బద్ధకం చేసేముందు ఒక్కో ట్యాబ్‌కి విడిగా టైమ్ కొలవండి. 29.8 అనేది ఒక్క అంకె. లోపల ఏముందో తెలీదు. మా డబ్ల్యూపీఎఫ్‌లో నేను నెల రోజులు జిట్ కంపైలేషన్ (నడిచేటప్పుడే కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చడం) మీద అనుమానపడ్డాను. తీరా చూస్తే కారణం థీమ్ ఫైళ్లు. ప్రతి యూజర్ కంట్రోల్‌లోనూ డిజైనర్‌లో రంగులు సరిగ్గా కనబడాలని ఎవరో అదే రిసోర్స్ డిక్షనరీని (రంగులు, స్టైళ్లు ఉండే ఫైల్) మెర్జ్ చేసి పెట్టారు. అలా పెట్టిన ప్రతి చోటా అది మళ్లీ మొదటి నుంచి చదివి కొత్త కాపీ కడుతుంది. అరవై కంట్రోళ్లు, అరవై కాపీలు! ఆప్ డాట్ ఎక్స్ఏఎమ్ఎల్‌లో ఒక్కసారి పెట్టి మిగతావన్నీ తీసేశాం. ఇప్పుడు డిజైనర్లో కొన్ని స్క్రీన్లు బోసిగా కనిపిస్తున్నాయి. కస్టమర్‌కి కాదు కదా, మాకే. ఓర్చుకుంటున్నాం.

#14 పాతకాపు
బుధవారం, రాత్రి 9:25

కొలవడం గురించి అన్నారు కాబట్టి ఒక ముచ్చట. జీటీఏ ఆన్‌లైన్ గేమ్ తెరుచుకోవడానికి కొందరికి ఆరేసి నిమిషాలు పట్టేది. ఏళ్ల తరబడి అందరూ "పెద్ద గేమ్ కదా, అంతేలే" అనుకున్నారు. 2021లో ఒకాయన బయటి నుంచే ప్రొఫైలర్ (టైమ్ ఎక్కడ పోతోందో చూపే టూల్) పెట్టి చూశాడు. 10 మెగాబైట్ల జేసన్ ఫైల్ (టెక్స్ట్ రూపంలో ఉండే డేటా), అందులో దాదాపు 63 వేల ఐటమ్స్. ఒక్కో విలువ చదివినప్పుడల్లా మిగిలిన టెక్స్ట్ పొడవంతా మళ్లీ లెక్కపెడుతోంది. పైగా ప్రతి ఐటమ్‌నీ అప్పటిదాకా వచ్చిన అన్నిటితో పోల్చి "ఇది ముందే ఉందా" అని చూస్తోంది. ఆయన ఆ రెండూ సరిచేస్తే ఆరు నిమిషాలు కాస్తా రెండు నిమిషాల లోపుకి వచ్చింది. కంపెనీ వాళ్లు ఒప్పుకుని, అప్‌డేట్ ఇచ్చి, ఆయనకి 10,000 డాలర్లు ఇచ్చారు.

గ్రాఫిక్స్ అనుకుంటే జాబితా అయింది. మీ షాపులో మందులు ఎన్ని?

#15 గోదారి_కోడర్
బుధవారం, రాత్రి 9:31

ఐటమ్ మాస్టర్లో 28 వేలు. అయ్య బాబోయ్, నాకు ఇప్పుడే ఒక అనుమానం వచ్చింది. రేపు చెప్తాను.

#16 డీటీపీ_బాబ్జీ
గురువారం, ఉదయం 7:50

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మాది తెనాలిలో డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలకి లేఅవుట్ వేసుకునే చిన్న టూల్ మా తమ్ముడు రాశాడు. అది కూడా ఇలాగే లేవదు. మా సిస్టంలో ఫాంట్లు 900 పైగా ఉన్నాయి. పాత తెలుగు ఫాంట్లు, యూనికోడ్‌వి, ఇంగ్లిష్‌వి, పెళ్లి బొమ్మల ఫాంట్లు, అన్నీ. ఫాంట్ పేరు ఆ ఫాంట్‌లోనే కనబడే డ్రాప్‌డౌన్ పెట్టాడు. దానివల్లేనా?

#17 లావణ్య_ఎక్స్ఏఎమ్ఎల్
గురువారం, ఉదయం 9:20

నూటికి తొంభై పాళ్లు అదే బాబ్జీ గారూ. ఫాంట్ పేర్ల జాబితా తేవడం వేరు, 900 ఫాంట్ ఫైళ్లూ తెరిచి ఒక్కోదానితో ఒక్కో పేరు గీయడం వేరు.

డబ్ల్యూపీఎఫ్ అయితే ఇందులో ఒక ఉచ్చు ఉంది. లిస్ట్ బాక్స్ కనబడే వరసలే కడుతుంది గానీ, కాంబో బాక్స్ అలా కాదు. అది మామూలు స్టాక్ ప్యానెల్ వాడుతుంది కాబట్టి, నొక్కగానే 900 వరసలూ కట్టేస్తుంది. దాని ఐటమ్స్ ప్యానెల్‌ని వర్చువలైజింగ్ స్టాక్ ప్యానెల్‌గా మార్చమని తమ్ముడికి చెప్పండి. విన్‌ఫార్మ్స్ అయితే ఓనర్ డ్రా (వరసల్ని మన కోడే గీసుకోవడం) పెట్టి, కంటికి కనబడే పది పన్నెండు వరసలకే ఫాంట్ తెరవాలి. ఏదైనా సరే, డ్రాప్‌డౌన్ మొదటిసారి నొక్కేదాకా ఆ జాబితా జోలికే పోకూడదు.

#18 డీటీపీ_బాబ్జీ
గురువారం, ఉదయం 9:26

విన్‌ఫార్మ్స్ అంట. చెప్పాను. వాడు "నాకు తెలుసులే" అన్నాడు. తెలిస్తే ఎందుకు చేయలేదో మరి.

#19 గోదారి_కోడర్
గురువారం, రాత్రి 9:15

ఒక్కో ట్యాబ్ విడిగా కొలిచాను. నా అనుమానం సగం నిజం, సగం అబద్ధం.

నిజమైన సగం: 14 ట్యాబ్‌లలో 9 ట్యాబ్‌లు కన్‌స్ట్రక్టర్‌లోనే ఐటమ్ మాస్టర్ మొత్తం తెస్తున్నాయి. 28 వేల వరసలు, తొమ్మిదిసార్లు, తొమ్మిది డేటా టేబుళ్లలోకి. అందులో ఆరు చోట్ల అదే జాబితాని ఆటో కంప్లీట్‌కి మళ్లీ స్ట్రింగులుగా కాపీ కొడుతున్నాయి. మధ్యాహ్నం లాగ్‌లో ట్యాబ్‌లకి పోయిన 10.4 సెకన్లలో చాలా భాగం ఇదే.

అబద్ధమైన సగం: పొద్దున లాగ్‌లో 29.8 ఉంది కదా. అందులో 13 ట్యాబ్‌లూ కలిపి 11.4. మిగతా 18.4 సెకన్లూ ఒక్క సెట్టింగ్స్ ట్యాబ్!

మధ్యాహ్నం అదే ట్యాబ్ 0.3 సెకన్లు. దాన్లో గ్రిడ్ లేదు, ఐటమ్ మాస్టర్ లేదు. షాపు పేరు, జీఎస్టీ నంబరు, బిల్లు సైజు, బ్యాకప్ ఫోల్డర్, అంతే. పొద్దునే ఎందుకు? హార్డ్ డిస్క్ చల్లగా ఉందనుకుందామన్నా మిగతా 13 ట్యాబ్‌లకి లేని చలి దీనికొక్కదానికేనా? బుర్ర పనిచేయట్లేదు.

#20 నైట్_షిఫ్ట్
గురువారం, రాత్రి 11:48

నేను కోడింగ్ మనిషిని కాదు. గుంటూరులో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ సర్వీసు చేస్తాను. ఒకటే అడుగుతాను. ఆ షాపులో ప్రింటర్ ఏ కంప్యూటర్‌కి తగిలించి ఉంది?

#21 గోదారి_కోడర్
శుక్రవారం, ఉదయం 8:10

కౌంటర్‌కి చిన్న థర్మల్ ప్రింటర్ ఉంది. పెద్ద బిల్లుల లేజర్ ప్రింటర్ వెనక గోడౌన్‌లో. అక్కడి కంప్యూటర్ నుంచి షేర్ చేశారు, అందరికీ అదే డీఫాల్ట్. ఎందుకు?

#22 నైట్_షిఫ్ట్
శుక్రవారం, ఉదయం 8:22

గోడౌన్ కంప్యూటర్ ఎన్ని గంటలకి ఆన్ చేస్తారు?

#23 గోదారి_కోడర్
శుక్రవారం, ఉదయం 10:55

ఫోన్ చేశాను. గోడౌన్ ఆయన 10:30కి వస్తాడట. షాపు 9కి తెరుస్తారు.

సెట్టింగ్స్ ట్యాబ్ కోడ్ తెరిచి చూశాను. బిల్లు సైజు కాంబో బాక్స్ నింపడానికి కన్‌స్ట్రక్టర్‌లో ఒక లూప్ ఉంది. డీఫాల్ట్ ప్రింటర్‌ని "నీ దగ్గర ఏయే పేపర్ సైజులున్నాయి" అని అడుగుతోంది.

ఒక్క లైను.

#24 నైట్_షిఫ్ట్
శుక్రవారం, ఉదయం 11:30

అనుకున్నాను. మాకు వచ్చే "సాఫ్ట్‌వేర్ స్లో" ఫోన్లలో ఇది పాత చుట్టమే. డీఫాల్ట్ ప్రింటర్ నెట్‌వర్క్‌లో ఉండి, అవతలి మెషీన్ ఆఫ్‌లో ఉంటే, దాన్ని ఏదైనా అడిగిన ప్రతి ప్రోగ్రామూ జవాబు కోసం కాచుక్కూర్చుంటుంది. నెట్‌వర్క్ ఇక లాభం లేదని చేతులెత్తేసేదాకా కదలదు. జనం ర్యామ్ వేయిస్తారు, ఫార్మాట్ కొట్టిస్తారు, చివరికి మమ్మల్ని పిలుస్తారు.

ఈరోజుకి థర్మల్ ప్రింటర్‌ని డీఫాల్ట్ చేయండి. విండోస్ 10, 11 అయితే "డీఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్‌నే చూసుకోనివ్వు" అన్న ఆప్షన్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. లేకపోతే చివరిసారి వాడిన ప్రింటర్‌ని మళ్లీ అదే డీఫాల్ట్ చేసేస్తుంది. సాయంత్రం పెద్ద బిల్లు ఒకటి తీశారా, తెల్లారి మళ్లీ మొదటికొస్తుంది.

#25 పాతకాపు
శుక్రవారం, మధ్యాహ్నం 1:10

నైట్ షిఫ్ట్ గారికి సాష్టాంగం. నేను డిస్క్ డిస్క్ అని రెండ్రోజులు ఊదరగొట్టాను. పొద్దున నెమ్మది, మధ్యాహ్నం మామూలు అనగానే కోల్డ్ స్టార్ట్ (ఆన్ చేశాక మొదటిసారి తెరవడం) అని నా బుర్ర అక్కడే ఆగిపోయింది. మెషీన్ చల్లగా ఉండటం ఒక్కటే పొద్దునకీ మధ్యాహ్నానికీ తేడా అనుకున్నాను. గోడౌన్ మనిషి రాకపోవడం కూడా తేడాయే అని తట్టలేదు.

ఇలాంటిదే ఇంకోటి గుర్తొచ్చింది. డాట్‌నెట్ 3.5 రోజుల్లో, సర్టిఫికెట్‌తో సంతకం చేసిన డీఎల్‌ఎల్ ఉన్న ప్రోగ్రామ్ ఇంటర్నెట్ లేని మెషీన్లో తెరిస్తే, ఆ సర్టిఫికెట్ రద్దయిందేమో కనుక్కుందామని బయటికి ఫోన్ కొట్టి, జవాబు రాక చాలాసేపు నిలబడిపోయేది. కాన్ఫిగ్‌లో పబ్లిషర్ ఎవిడెన్స్ వద్దని ఒక లైను పెడితే పోయేది. 4 నుంచి ఆ బాధ లేదు. ఇంటర్నెట్ ఉన్న మా ఆఫీసులో ఆ జబ్బు ఎన్నడూ కనబడలేదు, కస్టమర్ దగ్గర మాత్రమే. సీపీయూ ఖాళీగా ఉండి, డిస్క్ లైటు వెలక్కుండా, ప్రోగ్రామ్ మాత్రం కదలకుండా కూర్చుందంటే, అది ఎవరి జవాబు కోసమో ఎదురుచూస్తోందని అర్థం.

ఇప్పుడు మిగతా పని చేద్దాం. ప్రింటర్ లైను తీస్తే 41లో 18 పోయాయి. ఇంకా 23 ఉన్నాయి.

#26 బైట్_బాబాయ్
శుక్రవారం, మధ్యాహ్నం 1:32

ఆ 14 ట్యాబ్‌లనీ టాస్క్ రన్‌లో పెట్టి బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్‌లో (ప్రోగ్రామ్ లోపలే పక్కన నడిచే ఇంకో పనివరస) కట్టేస్తే? మెయిన్ థ్రెడ్ హాయిగా ఉంటుంది. ఈసారి సీరియస్‌గానే చెప్తున్నాను.

#27 పాతకాపు
శుక్రవారం, మధ్యాహ్నం 2:05

సీరియస్‌గా చెప్పారు కాబట్టి సీరియస్‌గానే జవాబు. కుదరదు బాబాయ్. విండోస్‌లో ఒక కంట్రోల్ హ్యాండిల్‌ని ఏ థ్రెడ్ పుట్టిస్తే, దాని బాగోగులు ఆ థ్రెడ్డే చూడాలి. ఇంకో థ్రెడ్‌లో పుట్టించి మెయిన్ ఫారం మీద అతికించబోతే క్రాస్ థ్రెడ్ ఎక్సెప్షన్ మొహాన కొడుతుంది. కొట్టకపోతే ఇంకా ప్రమాదం, ఎప్పుడో కస్టమర్ ముందు కొడుతుంది. డేటా తేవడం బ్యాక్‌గ్రౌండ్‌లో, కంట్రోళ్లు కట్టడం యూఐ థ్రెడ్‌లో, అంటే స్క్రీన్ చూసుకునే మెయిన్ థ్రెడ్‌లో. డబ్ల్యూపీఎఫ్‌లోనూ అంతే, క్యూటీ అనే ఇంకో టూల్‌కిట్‌లోనూ విడ్జెట్లకి అంతే.

అలాగని యూఐ థ్రెడ్‌లో గంటలు గంటలు కూర్చోకూడదు. విండో 5 సెకన్లు మెసేజ్‌లు అందుకోకపోతే విండోస్ దాని మీద తెల్ల ముసుగేసి "నాట్ రెస్పాండింగ్" అని రాస్తుంది. అప్పుడు కుర్రాడు మళ్లీ ఐకాన్ నొక్కుతాడు.

గోదారి గారూ, నేనైతే ఇలా చేస్తాను. మెయిన్ ఫారంలో 14 ఖాళీ ట్యాబ్ పేజీలు, వాటి పేర్లతో. లోపల ఏమీ ఉండదు. సెలెక్టెడ్ ఇండెక్స్ మారినప్పుడు, ఆ పేజీ ఖాళీగా ఉంటే అప్పుడు దాని యూజర్ కంట్రోల్ పుట్టించి లోపల పెట్టాలి. బిల్లు ఒక్కటే మొదట్లోనే. ఐటమ్ మాస్టర్ ఒకే ఒక చోట ఉండాలి, అందరూ అక్కడి నుంచే తీసుకోవాలి. రిపోర్ట్ ఇంజిన్ బిల్లు స్క్రీన్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్‌లో.

#28 లావణ్య_ఎక్స్ఏఎమ్ఎల్
శుక్రవారం, మధ్యాహ్నం 2:40

బిల్లు స్క్రీన్‌కి అసలు 28 వేలూ ఎందుకు కావాలి? కుర్రాడు "పారా" అని కొడితే పారాసెటమాల్ ఉన్న ముప్ఫై మందులు కనబడాలి, అంతేగా. మూడు అక్షరాలు పడ్డాక డేటాబేస్‌ని అడిగి మొదటి ముప్ఫై తెచ్చుకోండి. పేరు కాలమ్ మీద ఇండెక్స్ ఉండి, పేరు మొదటి అక్షరాలతోనే వెతికితే కన్ను ఆర్పేలోపు వస్తుంది. మధ్యలో ఉన్న ముక్కతో వెతికితే మాత్రం ఆ ఇండెక్స్ అంతగా ఆదుకోదు.

ఇంకా, ప్రొఫైల్ ఆప్టిమైజేషన్ అని డాట్‌నెట్ 4.5 నుంచి ఒకటుంది. మెయిన్‌లో రెండు లైన్లు రాస్తే, పోయినసారి ఏయే మెథడ్లు కంపైల్ అయ్యాయో ఒక ఫైల్లో గుర్తుపెట్టుకుని, ఈసారి వాటిని ఇంకో కోర్ మీద ముందే కంపైల్ చేసి ఉంచుతుంది. అద్భుతాలేమీ జరగవు గానీ ఊరికే వచ్చేది ఎందుకు వదలాలి? ఎన్‌జెన్ (కోడ్‌ని ముందే కంపైల్ చేసి పెట్టే టూల్) అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్మిన్ హక్కులు కావాలి. కొత్త డాట్‌నెట్‌లో అదే పనికి రెడీ టు రన్ ఉంది, దానికి ఫైల్ సైజు రెండు మూడింతలవుతుంది. తిరిగే డిస్క్ మీద అంత పెద్ద ఫైల్ చదవడానికీ టైమ్ పడుతుంది, కాబట్టి కొలవకుండా వేయొద్దు.

#29 స్వింగ్_సుందరం
శుక్రవారం, సాయంత్రం 5:15

అందరికీ నమస్తే. మాది జావా స్వింగ్ (జావాలో స్క్రీన్లు కట్టే పద్ధతి). మాకు కూడా ఇదే సమస్య. ఎవరైనా పూర్తి కోడ్ ఇస్తారా?

#30 మోడరేటర్
శుక్రవారం, సాయంత్రం 5:40

సుందరం గారూ, కొత్త థ్రెడ్ పెట్టండి. జేడీకే ఏ వెర్షన్, జార్‌లు ఎన్ని, లాగ్‌లో ఏముందీ రాయండి. క్లాస్ డేటా షేరింగ్ (జావా క్లాసుల్ని ముందే సిద్ధం చేసి ఆర్కైవ్‌లో దాచుకోవడం) గురించి వెతికారా? మన అప్లికేషన్ క్లాసులకి కూడా జేడీకే 10 నుంచి ఆర్కైవ్ కట్టుకోవచ్చు. పూర్తి కోడ్ ఎవరూ ఇవ్వరు.

#31 గోదారి_కోడర్
తర్వాతి గురువారం, రాత్రి 10:05

ఆలస్యానికి క్షమించండి, వారం రోజులు దీనిమీదే ఉన్నాను. ఈరోజు పొద్దున 9:02 లాగ్, గోడౌన్ కంప్యూటర్ ఆఫ్‌లో ఉండగా:

మెయిన్‌కి రాకముందు: 4.0
డేటాబేస్ కనెక్షన్: 1.2
మెయిన్ ఫారం, బిల్లు ట్యాబ్: 1.6
మొత్తం: 6.8

రిపోర్ట్ ఇంజిన్ ఆ తర్వాత వెనకాల ఎక్కుతోంది. మొదటి బిల్లు ప్రింట్ కొట్టేసరికి అది సిద్ధంగా ఉంటోంది. యూజర్ ఆబ్జెక్ట్స్ 4,612 నుంచి 688కి దిగింది. పేపర్ సైజులు ఇప్పుడు కాంబో బాక్స్ నొక్కినప్పుడే అడుగుతుంది.

మొదటి 4 సెకన్లు ఏం చేసినా కదలట్లేదు. అది రన్‌టైమూ, గ్రిడ్ డీఎల్‌ఎల్‌లూ డిస్క్ నుంచి రావడమే. అక్కడ మాత్రం పాతకాపు గారి డిస్క్ లెక్కే నిజం. స్ప్లాష్ బొమ్మ పెట్టాను. కానీ విన్‌ఫార్మ్స్‌లో అది కూడా రన్‌టైమ్ లేచాకే కదా, నాలుగో సెకను దాటాక గానీ కనబడట్లేదు.

ఒక కొత్త గొడవ వచ్చింది. స్టాకు ట్యాబ్ మొదటిసారి నొక్కితే సెకనున్నర ఆగుతోంది. నిన్న ఫోన్ రానే వచ్చింది. నేను ఫర్ లూప్ పెట్టేయాలన్నంత పనైంది, ఒట్టు!

#32 పాతకాపు
తర్వాతి గురువారం, రాత్రి 10:30

పెట్టొచ్చు, కానీ లూప్‌లా కాదు. బిల్లు స్క్రీన్ వచ్చాక, మూడు సెకన్ల పాటు కీబోర్డ్, మౌస్ ఏవీ కదలకపోతే, అప్పుడు స్టాకు ఒక్కటి యూఐ థ్రెడ్‌లోనే ముందుగా కట్టి పెట్టండి. దాని డేటా ముందు బ్యాక్‌గ్రౌండ్‌లో తెచ్చి పెట్టుకుంటే, కట్టడానికి పట్టే టైమ్ అర సెకను లోపుకి వస్తుంది. రిటర్న్స్, జీఎస్టీ జోలికి పోవద్దు. అప్లికేషన్ ఐడిల్ ఈవెంట్ మీద నేరుగా పెట్టకండి. ప్రతి కీ నొక్కిన తర్వాతా క్యూ ఖాళీ కాగానే అది వస్తుంది. కుర్రాడు మందు పేరు కొడుతుంటే మధ్యలో స్క్రీన్ బిగుసుకుంటుంది. చిన్న టైమర్ పెట్టి, ప్రతి కీకీ దాన్ని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టండి.

#33 బైట్_బాబాయ్
తర్వాతి గురువారం, రాత్రి 10:42

41 నుంచి 7. ఎస్‌ఎస్‌డీ లేకుండా. నా మొదటి పోస్ట్ డిలీట్ చేయమంటారా?

#34 నైట్_షిఫ్ట్
తర్వాతి గురువారం, రాత్రి 11:55

ఉంచండి బాబాయ్, ఎస్‌ఎస్‌డీలు నేను అమ్ముకోవాలి.

#35 గోదారి_కోడర్
శనివారం, మధ్యాహ్నం 12:20

టైమర్ పెట్టాను, స్టాకు ట్యాబ్ ఇప్పుడు నొక్కగానే వస్తోంది. ఈ పొద్దున ఓనరు గారే ఫోన్ చేశారు. గుండె గుభేల్మంది. "ఏమయ్యా, ఇదివరకు అది లేచేలోపు దేవుడి పటానికి అగరబత్తి వెలిగించి దండం పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు అగ్గిపుల్ల గీసేలోపే లాగిన్ అడుగుతోంది" అన్నారు. పొగడ్తేనా అని అడిగితే, "ఎక్స్‌పైరీ రిపోర్ట్ చాలా స్లోగా ఉంది, అది చూడు" అని పెట్టేశారు.

ఎక్స్‌పైరీ రిపోర్ట్‌కి సోమవారం కొత్త థ్రెడ్ పెడతాను. ఈసారి ముందే లాగ్ తీసుకునే వస్తాను.